ఆరో చప్పుడు

బళ్ళారి పెద్దబజారులో రాజగోపాలయ్య బట్టల అంగట్లో ఒక మాటకు చోటు లేదు. ఆ మాట “లేదు”. గిరాకీ వచ్చి ఇలకల్ చీర అడిగితే, అంగడంతా గాలించినా ఇలకల్ పోగు దొరక్కపోయినా సరే, లేదు అని నోరు జారకూడదు. “కూచో తల్లీ, అంతకన్నా మేలైంది చూపిస్తా” అనాలి. ధర తెలియకపోతే తోచిన ధర చెప్పాలి. రంగు నిలుస్తుందా అని అడిగితే నిలుస్తుందనాలి. లేదంటే లక్ష్మి గడప దిగిపోతుందని వాళ్ళ నాయన నేర్పాడు, ఆయనకు ఆయన నాయన నేర్పాడు. ఇక “తెలియదు” అనేది లేదుకు అక్క. దాన్ని వీధిలో నుంచే వెళ్ళగొట్టేవాళ్ళు.

అంగట్లో ఉన్నంతకాలం ఈ నేర్పు వల్ల ఎవరికీ ప్రాణహాని లేదు. చీర వెలిసిపోతే గిరాకీ వచ్చి నాలుగు తిట్లు తిట్టి పోతుంది, అంతే. ఆ నోటిని తీసుకుపోయి మందుగుండు పక్కన నిలబెట్టడంతోనే వచ్చింది చేటు.

ఆ నోరు రాజగోపాలయ్య తమ్ముడు గురురాజది. ఇరవై ఆరేళ్ళవాడు. మిషన్ హైస్కూల్లో చదివాడు, ఇంగ్లీషు గడగడా మాట్లాడతాడు, ఇంటర్మీడియట్ మాత్రం రెండుసార్లు తప్పాడు. అన్న కళ్ళెదుట గజంకర్ర పట్టుకుని బట్ట కొలవడమంటే అతనికి చచ్చేంత నామోషీ. అందుకే యాభై తొమ్మిది జనవరిలో, ఆస్ట్రేలియా నుంచి ఏడుగురు క్రైస్తవులు ఆరు వారాల సేవకని వచ్చారనీ, వెంట తిరిగి మాట చేరవేసే దుబాసీ కావాలంటున్నారనీ తెలియగానే ఎగిరి గంతేసి పోయాడు. తల్లి వాసవాంబ మాత్రం వాళ్ళ చేతి నీళ్ళు తాగనని ఒట్టు పెట్టించుకుని పంపింది. ఒట్టు ప్రకారం అతను నీళ్ళు తాగలేదు. నాలుకను మాత్రం నిండుగా వాళ్ళకే అప్పజెప్పాడు.

వాళ్ళు వచ్చిన పని బావి తవ్వడం. సండూరు కొండల కింద కెంపుహట్టి అని నలభై గుడిసెల ఊరు. అందరూ మాంగనీసు గనిలో కూలీలే. నీళ్ళకు రెండు మైళ్ళు నడవాలి, ఎండాకాలం వస్తే ఆ రెండు మైళ్ళ చివర కూడా బురదే. ఖనిజం లారీలు పోయినప్పుడల్లా ఎర్రదుమ్ము లేచి గుడిసెల మీద, అన్నం కుండల మీద, పసిబిడ్డల కనురెప్పల మీద పడుతుంది. ఆ ఊరికి బావి ఒక్కటి పడితే అంతకన్నా పుణ్యం ఏముంటుంది? ఈ మాట ఎవరూ కాదనలేరు.

బృందానికి పెద్ద పాస్టర్ ఫ్లెచర్. యాభై దాటిన మనిషి, నిజంగా మంచివాడు. మంచివాడు కాబట్టే అతనితో భయం. తాను చేసేది మంచిపనే అని గట్టిగా నమ్మినవాడికి ఆగడం చేతకాదు. మిగిలినవాళ్ళలో నీల్ అని ఇరవై ఒక్కేళ్ళ కుర్రవాడు ఉన్నాడు. గొర్రెలు మేపుకునే ఇంట పుట్టాడు, సముద్రం చూడడం ఇదే మొదలు, ఇంటికి పోయాక పాస్టర్ చదువుకు చేరతాడట. మనిషి సన్నంగా కందికట్టెలా ఉన్నా గొంతు మాత్రం గంట కొట్టినట్టుండేది. అతను ప్రార్థనలో పాట ఎత్తుకుంటే దారిన పోయే కూలీలు కూడా తట్ట దించి నిలబడేవాళ్ళు.

బావికి మూడు మట్ల లోతులోనే, అంటే మూడు నిలువులకే, బండ తగిలింది. అప్పుడు పనిలోకి దిగినవాడు హులిగప్ప. గనిలో తూటాలు పెట్టి బండ పగలగొట్టే మేస్త్రి. నలభై ఐదేళ్ళుంటాయి, ఎడమచేతి చిటికెన వేలు లేదు, మాట తక్కువ. అతని భార్య ఉచ్చెంగమ్మ పగిలిన రాయిని తట్టలకెత్తే ఆడవాళ్ళకు ముందు నిలిచేది. మొదటి రోజే నీల్ హులిగప్ప పక్కన చేరి, అతను సమ్మెట ఎత్తితే తాను ఉలి పట్టుకోవడం మొదలుపెట్టాడు. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. అయినా పొద్దుగూకేదాకా ఏవో చెప్పుకుంటూనే ఉండేవాళ్ళు. నీల్ అనే పేరు ఆ ఊరి నోట రెండు రోజుల్లో నీలప్ప అయింది. ఉచ్చెంగమ్మ జొన్నరొట్టె మీద మిరపకారం వేసి పెడితే, నీలప్ప కళ్ళనీళ్ళు కారుస్తూనే తిని ఇంకోటి అడిగాడు.

“వీడు మనోడేనప్పా, రంగు ఒకటి తప్పింది” అని హులిగప్ప నవ్వాడు.

మొదటిసారి తూటాలు పేల్చిన రోజు గురురాజకు ఒళ్ళు జలదరించింది. పేలుడుకు కాదు, దానికి ముందు జరిగినదానికి. హులిగప్ప బావిలోకి దిగి బండలో తొలిచిన గుంతల్లో మందు కూరి, వత్తులు ముట్టించి, తాడు పట్టుకుని పైకొచ్చి, దూరంగా ఉన్న గుండురాయి వెనక్కి వచ్చాడు. అతను చెయ్యి పైకెత్తగానే ఊరు ఊరంతా మూగబోయింది. మొరిగే కుక్క మూతిని ఒకడు రెండు చేతులతో నొక్కిపట్టాడు. చంటిబిడ్డ ఏడవబోతే తల్లి రొమ్ము నోట్లో కుక్కింది. ముసలివాళ్ళు దగ్గు దిగమింగారు. పేలుళ్ళు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. చివరిది అయ్యాక కూడా హులిగప్ప చెయ్యి దించలేదు. కాసేపటికి దించి “అయింది” అన్నాడు. అప్పుడు గాని ఎవరూ ఊపిరి వదల్లేదు.

“ఎందుకంత మౌనం?” అని ఫ్లెచర్ దొర ఇంగ్లీషులో అడిగాడు.

గురురాజకు తెలియదు. హులిగప్ప నాలుగడుగుల దూరంలోనే ఉన్నాడు, పోయి అడగొచ్చు. కాని ఎదురుగా ఉన్నది గిరాకీ, అడిగింది సరుకు. గురురాజ నోరు దానంతటదే తెరుచుకుంది.

“అదొక మూఢనమ్మకం సార్. గుట్టమ్మ అని వీళ్ళ దేవత. బండ పగిలేటప్పుడు ఎవరైనా మాట్లాడితే ఆమెకు కోపం వస్తుందని భయం.”

కెంపుహట్టిలో గుట్టమ్మ అనే దేవతే లేదు. ఆ తల్లి అప్పుడే, ఆ క్షణంలోనే గురురాజ నాలుక మీద పుట్టింది. దొర జేబులోంచి చిన్న పుస్తకం తీసి ఆమె పేరు రాసుకున్నాడు. రాసుకుంటూ జాలిగా తల ఊపాడు. గురురాజకు తాను చాలా ఉపయోగపడే మనిషిననిపించింది.

పదో రోజున ఐదు గుంతలకు మందు పెట్టారు. పేలుళ్ళయ్యాక హులిగప్ప చెయ్యి దించాడు గాని “అయింది” అనలేదు. బావిలోకి ఎవరినీ దిగనివ్వలేదు. చీకటి పడేదాకా తానే బావి గట్టు మీద కాపలా కూచున్నాడు. మర్నాడు పొద్దున ఒక్కడే దిగి, నీళ్ళు పోసి, ఏదో చూసుకుని, పక్కనే కొత్త గుంత తొలిచి మళ్ళీ పేల్చాడు. ఆ తర్వాతే పని సాగింది. గురురాజ ఉండబట్టలేక అడిగాడు.

“నిన్న పని యెందుకు నిలిపితివి హులిగప్పా?”

“ఐదు పెడితి. నాలుగే పలికె” అన్నాడు హులిగప్ప. “ఒకటి లోపల అట్లే ఉండిపాయ. దాని మీద గడ్డపార తగిలిందనుకో, మనిషి తునకలు కూడా దొరకవు. అందుకే ఒక రాత్రి గడవాల. గనిలో అయినా అంతే, ఈడైనా అంతే.”

“అయితే అందరూ నోరు మూసుకునేది?”

“లెక్క కోసమప్పా. వత్తులు పొడుగూ పొట్టీ కోసి పెడతా, ఒకటొకటే పలికేకి. నేను వేళ్ళు మడిచేది నువ్వు చూడలేదా? ఎవుడన్నా దగ్గినా లెక్క తప్పుతాది. మా యన్న అట్లే పాయ.”

 సాయంత్రం గురురాజ దొరకు నిజం చెప్పాలనే బయలుదేరాడు. గుడారంలో ఫ్లెచర్ తన ఊరి చర్చికి రాసిన ఉత్తరాన్ని అందరికీ చదివి వినిపిస్తున్నాడు. అందులో గుట్టమ్మ ఉంది. ఆమెకు భయపడి తల్లులు బిడ్డల నోళ్ళు మూయడం ఉంది. ఆ భయం నుంచి ఈ పేదలు విడుదల పొందాలని సముద్రం అవతల మూడు వందల మంది మోకాళ్ళ మీద ప్రార్థిస్తారని ఉంది. ఇప్పుడు ఆ గుట్టమ్మను చంపడమెట్లా? గురురాజ గుడారం గుమ్మంలో నిలబడి తలుపు గుడ్డ సర్దాడు.

“నిన్న పని ఎందుకాగింది, గురూ?” అని దొర అడిగాడు.

“నిన్న వాళ్ళకు మంచిరోజు కాదట సార్.”

అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. అతని దురదృష్టం కొద్దీ అన్నీ చక్కగా అతికాయి. ఆ తర్వాత పేలుళ్ళు జరిగిన ప్రతిసారీ గురురాజ గుండురాయి వెనక నిలబడి, చుట్టూ మూగబోయిన ఊరిని చూస్తూ, ఇది మాత్రం ఎవరూ చెడగొట్టకుండా ఉంటే చాలు, ఇంకొన్ని రోజులే కదా అని దేవుళ్ళందరికీ మొక్కుకునేవాడు. పెదవి దాటని మొక్కు ఏ దేవుడికి వినిపిస్తుంది?

ఆరో వారం గురువారం ఆఖరి రోజు. శుక్రవారం రైలెక్కి మద్రాసు పోతే అక్కడ ఓడ సిద్ధంగా ఉంది. బావి తొమ్మిది మట్లు దిగింది. ముందురోజు బండ పగుళ్ళలో చెమ్మ కనబడింది. ఇంకొక్క వరస పేలిస్తే ఊట పడుతుందని హులిగప్ప అన్నాడు. ఊరంతా కడవలు కడుక్కుని వచ్చి కూచున్నారు. దొరల చర్చి పేరు చెక్కిన రాతిపలక ఒకటి బావి పక్కన ఆనించి ఉంది.

పొద్దున్నే ఫ్లెచర్ గురురాజ భుజం మీద చెయ్యి వేశాడు. “ఈ రోజు మనం వీళ్ళకు నీళ్ళే కాదు, ధైర్యం కూడా ఇచ్చి వెళ్దాం. బండ పగిలేటప్పుడు మేమందరం స్తుతి పాడతాం. ఆ దేవత ఏమీ చెయ్యలేదని వీళ్ళ కళ్ళతో వీళ్ళే చూస్తారు. నీల్ ఎత్తుకుంటాడు. నువ్వేమంటావు?”

 ఇప్పుడు చెప్పాలి. ఇప్పుడైనా చెప్పాలి. చెబితే, మొదటి రోజు నుంచీ నువ్వు మాకు చెప్పినవన్నీ ఇట్లాంటివేనా అని దొర అడుగుతాడు. ఆరు వారాల గౌరవం, కుర్చీ వేసి కూచోబెట్టడం, “మా గురు లేకపోతే మేం లేం” అన్న మాట, అన్నీ పోతాయి. మళ్ళీ గజంకర్ర.

“చాలా బాగుంటుంది సార్” అన్నాడు.

హులిగప్పకు మాత్రం, దొరలు ఇవాళ ఏదో ప్రార్థన చేసుకుంటారని చెప్పాడు. ఎప్పుడు, ఎట్లా అన్నది చెప్పలేదు. “చేసుకోనీ పాపం, వాళ్ళ దేవుడు వాళ్ళకి” అని హులిగప్ప బావిలోకి దిగాడు. ఆరు గుంతలు. ఆరు వత్తులు. పైకొచ్చి గుండురాయి వెనక్కి పరుగెత్తి గురురాజ పక్కన నిలబడ్డాడు. చెయ్యెత్తాడు. ఊరు మూగబోయింది.

మొదటి పేలుడు వచ్చింది. దాని మీదనే నీల్ గొంతు లేచింది.

ఆ గొంతు గురించి ముందే చెప్పాను. కొండకు తగిలి రెండింతలై తిరిగొచ్చింది. మిగిలిన ఆరుగురూ అందుకున్నారు. హులిగప్ప ఉలిక్కిపడి చూసి “సుమ్నే ఉండండ్రో! నోరు మూసుకోమను వాళ్ళని!” అని అరిచాడు. ఆ అరుపును కూడా పాట మింగేసింది. కూలీలు భయంతో ఒకరినొకరు చూసుకున్నారు. పేలుళ్ళు వస్తున్నాయి, కొండ వాటిని తిరిగి పలుకుతోంది, మధ్యలో చప్పట్లు. హులిగప్ప కళ్ళు మూసుకుని, తలను బావి వైపు వంచి, వేళ్ళు మడుస్తున్నాడు. గురురాజ పెదవులు కూడా కదులుతున్నాయి. ఆరు వారాలుగా విన్న పాట, నోటికొచ్చేసింది. వద్దనుకుంటూనే వాళ్ళతో పాటు పాడుతున్నాడు. పేలుళ్ళ సంగతి అతనికి తెలియనే తెలియదు.

పొగ పైకి లేచింది. పాట ఆగింది. దొరలు ఒకరినొకరు కావలించుకున్నారు. హులిగప్ప మడిచిన వేళ్ళు మడిచినట్టే పట్టుకుని ఉన్నాడు.

“నాకి ఐదే వినపడె” అన్నాడు మెల్లగా. “ఆరోది పాటలో కలిసి పాయనా, పలకనే లేదా, తెలీలేదప్పా. నువ్వు నా పక్కనే ఉంటివి గదా చిన్నశెట్టీ. నీకెన్ని వినపడె?”

ఉచ్చెంగమ్మ తట్ట చంకన పెట్టుకుని అక్కడే నిలబడి గురురాజ మొహం వైపు చూస్తోంది. ఇటు నుంచి ఫ్లెచర్ వస్తూ “ఏమంటున్నాడు గురూ? ఏమైనా ఇబ్బందా? చీకటి పడేలోగా నీళ్ళు చూడాలి, రేపు మేముండం” అంటున్నాడు.

కోమటి సాక్ష్యం అని లోకం మన కోమటివాళ్ళను ఎగతాళి చేస్తుంది. అటూ కాక ఇటూ కాక చెప్పే సాక్ష్యమని. ఆ రోజు గురురాజ కోమటి సాక్ష్యం చెప్పినా ఒక ప్రాణం నిలిచేది. ఐదో ఆరో, ఏమో అన్నా చాలు, హులిగప్ప బావి గట్టున కూచుని రాత్రంతా కాపలా కాసేవాడు. తెలియదంటే ఇంకా మేలు.

“ఆరు” అన్నాడు గురురాజ.

“బాగా విన్న్యావా?”

“ఆరే హులిగప్పా. నేను లెక్కపెట్టినా గదా.”

హులిగప్ప వేళ్ళు విప్పాడు. “చదువుకున్న మనిషివి, నీ చెవులు నా చెవుల కంటే మేలేలే. నాకి ఈ మందు చప్పుడుకి చెవులు సగం పోయినాయి” అని గడ్డపార అందుకున్నాడు. హులిగప్ప ఏమన్నాడని దొర మళ్ళీ అడిగితే, పొగ పోయేదాకా ఆగమంటున్నాడని గురురాజ చెప్పాడు.

పొగ పోయింది. నీల్ చొక్కా విప్పి తాడు పట్టుకున్నాడు. ముందు తానే దిగి, మొదటి నీళ్ళు తానే తెచ్చి ఉచ్చెంగమ్మ కడవలో పోయాలని అతని ఆశ. హులిగప్ప అతని మోచెయ్యి పట్టుకుని వెనక్కి లాగి, తన రొమ్ము మీద వేలు పెట్టి చూపించాడు. “ముందు నేను, నీలప్పా. పలికిన బండని ఎప్పుడూ నమ్మగూడదు.” నీల్‌కు మాట అర్థం కాలేదు, చెయ్యి అర్థమైంది. నవ్వి తాడు ఇచ్చేశాడు. హులిగప్ప దిగుతుంటే గురురాజ గుండురాయి దగ్గరే ఉండిపోయాడు.  పిలవాలనుకున్నాడు. పిలిచి ఏమని చెప్పాలా అని పదాలు వెతుక్కుంటున్నాడు.

బావిలో గడ్డపార రాతికి తగిలిన చప్పుడు మూడుసార్లు వినబడింది. తర్వాత ఆరో చప్పుడు వినబడింది. దాన్ని ఎవరూ లెక్కపెట్టనక్కర్లేకపోయింది.

ఊట మాత్రం పడింది. సాయంత్రానికి బావిలో మోకాలెత్తు నీళ్ళు చేరాయి. కెంపుహట్టిలో ఎవరూ కడవ ముంచలేదు.

సండూరు నుంచి పోలీసులొచ్చి రాసుకున్నారు. వాళ్ళకూ దొరలకూ మధ్య మాట చేర్చింది గురురాజే. గని నుంచి వచ్చిన ఒక ఆఫీసరు ఇంగ్లీషులో ఫ్లెచర్‌తో కోపంగా అన్నాడు. “పేలుళ్ళు లెక్కపెట్టేటప్పుడు ఎవరైనా పాడతారా? ఆ మౌనం దేనికనుకున్నారు మీరు?” ఫ్లెచర్ ముఖం సున్నం కొట్టినట్టయింది. గురురాజ వైపు తిరిగాడు.

“నాకూ ఇప్పుడే తెలిసింది సార్” అన్నాడు గురురాజ. “వాళ్ళు నాకు దేవత అనే చెప్పారు.”

ప్రమాదం అని కాగితం మీద రాసి పోలీసులు వెళ్ళిపోయారు. ఉచ్చెంగమ్మను ఎవరూ ఏమీ అడగలేదు.

ఆ రాత్రి నుంచి గురురాజ అన్నం ముందు కూచుని లేస్తున్నాడు. మూడో రోజు మధ్యాహ్నం అన్న పక్కనే కూచున్నాడు. “నువ్వు మందు పెట్టితివా? వత్తి ముట్టిస్తివా? మాట చేరేసేవానికి పాపం యాడిది రా?” అన్నాడు రాజగోపాలయ్య. తమ్ముడి ముఖం చూసి ఆగి, గొంతు తగ్గించాడు. “ఏమిరా, నువ్వు గాని ఆ మేస్త్రికి ఏమన్నా చెప్పింటివా?”

“లేదు” అన్నాడు గురురాజ. ఆ ఇంట్లో ఆ మాట అంత సులువుగా ఎవరి నోటా రాలేదు.

బృందంలో ఐదుగురు శుక్రవారమే రైలెక్కారు. నీల్ కదలనన్నాడు. అతన్ని వదల్లేక ఫ్లెచర్ ఆగాడు. రాయి తగిలి నీల్ నుదుటికి కట్టు కట్టారు గాని అది పెద్ద దెబ్బ కాదు. అతను మాట్లాడడం లేదు, తినడం లేదు. నాలుగో రోజు పొద్దున గురురాజ ఇంటి ముందుకే వచ్చి నిలబడ్డాడు. హులిగప్ప భార్య దగ్గరకు తీసుకుపొమ్మన్నాడు. గురురాజ ఒంట్లో బాగాలేదన్నాడు. ఎవరూ మాట్లాడనివ్వరన్నాడు. పదిరోజుల దాకా ఇంటికి పోకూడదని వీళ్ళ ఆచారమన్నాడు.

“అయితే ఆ పది రోజులూ ఇక్కడే ఉంటాను” అన్నాడు నీల్.

గత్యంతరం లేక గురురాజ వాళ్ళ జీపెక్కాడు. దారి పొడుగునా నీల్ మోకాళ్ళ మధ్య చేతులు పెట్టుకుని, బయటికి చూస్తూ కూచున్నాడు. దోణిమలై వైపు కొండలు కనబడేసరికి మెల్లగా అన్నాడు. “ఇంటికి పోయాక ఆ చదువుకు చేరను. మా అమ్మకు రాశాను. దేవుడి మీద కోపం లేదు. నోరు తెరిస్తే ఆ మనిషి అరిచింది వినిపిస్తుంది. మమ్మల్ని ఆపమనే కదా అరిచాడు?”

“కావచ్చు” అన్నాడు గురురాజ. ఒక్కమాట చెబితే ఈ కుర్రవాడి మెడ మీద బండ దిగిపోతుందని అతనికి తెలుసు. ఆ బండ వచ్చి పడేది ఎవరి మెడ మీదనో కూడా తెలుసు. అందుకే భయం, అందుకే రోత. తన మీద తనకే రోత పుట్టింది. 

ఉచ్చెంగమ్మ గుడిసె ముందు కూచుని ఉంది. గాజులు లేని చేతులు ఒడిలో పెట్టుకుంది. చుట్టూ ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు. నీల్ వచ్చి ఆమె ఎదుట నేల మీద మోకాళ్ళ మీద కూచున్నాడు. గురురాజ పక్కన నిలబడ్డాడు. నీల్ ఒక్కొక్క వాక్యమే చెప్పి, అతను చెప్పేదాకా ఆగి, మళ్ళీ మొదలుపెట్టాడు. ఆరు వారాల్లో మొదటిసారి గురురాజ ఒక్క అక్షరం పోకుండా, ఒక్కటి కలపకుండా చెప్పాడు.

“పాట ఎత్తుకున్నది నేనే అంటాండాడు. పెద్దదొర చెప్పినాడు గాని గొంతు నాదే అంటాండాడు. నా పాట వల్లే మీ ఆయనకి లెక్క తప్పె అంటాండాడు. నేను దిగాల్సింటే నన్ను పక్కకి లాగి ఆయన దిగె అంటాండాడు. ఆయన్ని చంపింది నేనే, నన్ను క్షమించమని అడిగేకి కూడా నాకి నోరు లేదు, ఎవరు చేసిందీ నీకి తెలియాల, అందుకే వస్తి అంటాండాడు.”

ఉచ్చెంగమ్మ అంతా విన్నది. చాలాసేపు నీల్ నుదుటి కట్టు వైపు చూసింది. తర్వాత తలెత్తి గురురాజను చూసింది. ఆ చూపులో కోపం లేదు. కోపం ఉంటే అతనికి బాగుండేది.

“ఆ బిడ్డకి చెప్పు, తప్పు పాటది కాదని” అంది. “పాటలో కూడా మా ఆయన ఐదే విన్న్యాడు. సరిగ్గానే విన్న్యాడు. లెక్క తప్పలేదు ఆయనకి. తెల్లారిందాకా కూచునే మనిషి ఆయన. ఆరు అన్నది నువ్వు. నేను ఈడనే నిలబడుంటి. నీ మాట మీద దిగినాడు. ఇదంతా చెప్పు వానికి, పాపం చిన్నోడు, జీవితమంతా మోసుకుంటాడు. చెప్పినాక నువ్వు నాకొక మాట చెప్పు, చిన్నశెట్టీ. నువ్వు నిజంగా ఆరు విన్న్యావా?”

గాలి లేదు. దూరంగా ఖనిజం లారీ ఒకటి ఎత్తు ఎక్కలేక మూలుగుతోంది. నీల్ తలెత్తి గురురాజ ముఖంలోకి చూశాడు.

“ఆమె ఏమంటోంది?”

గురురాజ నీల్ వైపు తిరిగాడు.

“నిన్ను క్షమించానంటోంది” అన్నాడు ఇంగ్లీషులో.

“అంతేనా? చాలా చెప్పింది కదా.”

“అంతే. నీది చిన్నవయసు, తెలియక చేశావు, దేవుడు చూసుకుంటాడు అంటోంది.”

నీల్ ముఖం రెండు చేతుల్లో దాచుకున్నాడు. అలాగే ముందుకు వంగి ఆమె పాదాల దగ్గర ఎర్రమట్టిలో నుదురు ఆనించాడు. భుజాలు ఎగిరెగిరి పడుతుండగా బావురుమన్నాడు. ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

“చెప్పినావా?” అంది ఉచ్చెంగమ్మ.

“చెప్పినా” అన్నాడు గురురాజ.

ఆమె వంగి, ఆ కుర్రవాడి వీపు మీద చెయ్యి వేసింది. కాసేపు అలాగే ఉంచింది.

“మరి ఇంకా యాడుస్తాండాడేందప్పా?” అంది.